కారు కంటే ముందు ప్లగ్గు చూడండి

(విద్యుత్ శాఖలో పనిచేసి రిటైరైన ఒక ఇంజనీరు గారు విజయవాడలో మా కాలనీ సంఘం హాల్లో పాత ఎలక్ట్రిక్ కార్ల గురించి మాట్లాడారు. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని టైపు చేశాం.)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డవాళ్లు ముందుకు రండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. రండమ్మా, రండి.

సెక్రటరీ గారు నాకు ఫోన్ చేసి, "సార్, మన కాలనీలో ముగ్గురు నలుగురు సెకండ్ హ్యాండ్ ఎలక్ట్రిక్ కారు కొందామని చూస్తున్నారు, బ్యాటరీ పోతే ఏంటి పరిస్థితి, కాస్త వచ్చి చెప్పండి" అన్నారు. చెబుతాను. కానీ అది రెండో ప్రశ్న. అంతకంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. మీ ఇంట్లో ఎర్తింగు ఉందా? అంటే, కరెంటు లీకైతే మనిషి గుండా కాకుండా నేరుగా భూమిలోకి పోయే దారి ఉందా? ఉందని మీకు ఎలా తెలుసు? ఎవరన్నా మీటరు పెట్టి చూశారా? చేతులెత్తండి ఒకసారి. చూశారా, ఇంత హాల్లో రెండు చేతులు. నేను ఈరోజు ఎంతసేపు మాట్లాడినా తిరిగి తిరిగి ఇక్కడికే వస్తాను. పాత ఎలక్ట్రిక్ కారు కొనేవాళ్లు కారుని పది రకాలుగా పరీక్ష చేస్తారు, ఆ కారు రాత్రంతా వేలాడే ప్లగ్గుని మాత్రం ఒక్కసారి కూడా చూడరు.

సరే, ముందు కారు సంగతే మాట్లాడుకుందాం. పాత ఎలక్ట్రిక్ కారు అంటే ఏది? 2001లో బెంగళూరు నుంచి రేవా వచ్చింది. లెడ్ యాసిడ్ బ్యాటరీలు, డిస్టిల్డ్ వాటర్ పోసుకుంటూ ఉండాలి. తర్వాత 2013లో మహీంద్రా ఈ2ఓ వచ్చింది, అది లిథియం. ఈ రెండూ ఇప్పుడు రోడ్డు మీద అరుదు. ఇవాళ సెకండ్ హ్యాండ్ మార్కెట్లో మీకు ఎక్కువగా కనపడేది 2020 జనవరిలో వచ్చిన టాటా మొదటి తరం నెక్సాన్ ఈవీ. నేను నడుపుతున్నదీ అదే. దాని బ్యాటరీ 30.2 కిలోవాట్ అవర్లు. కిలోవాట్ అవర్ అంటే మన కరెంటు బిల్లులో ఉండే యూనిట్టే, వేరే ఏమీ కాదు. అంటే 30 యూనిట్ల బ్యాటరీ. కంపెనీ కాగితం మీద 312 కిలోమీటర్లు. రోడ్డు మీద కొత్తలోనే 200కి అటూ ఇటూ వచ్చేది. ఆరేళ్ల బండి ఇప్పుడు 170, 180 ఇస్తోందంటే ఆ బ్యాటరీ బాగున్నట్టే లెక్క. 312 రావట్లేదని బ్యాటరీ పోయిందనుకోకండి. 312 ఎప్పుడూ రాలేదు.

బ్యాటరీని ముసలిదాన్ని చేసేది ఏంటి? కిలోమీటర్లు కొంత, వయసు కొంత. అన్నిటికంటే ఎక్కువ వేడి. దీనికి లోకమంతా నేర్చుకున్న పాఠం ఒకటుంది. నిస్సాన్ లీఫ్ అని, 2010 డిసెంబరులో అమెరికాలో అమ్మకానికి వచ్చింది. 24 యూనిట్ల బ్యాటరీ. దాన్ని చల్లబరచడానికి లోపల నీళ్ల గొట్టాలు లేవు, ఏసీ గాలి లేదు. తగిలిన గాలికి ఎంత చల్లబడితే అంత. 2012 ఎండాకాలానికల్లా అరిజోనా రాష్ట్రంలో ఫీనిక్స్ ఊరి నుంచి ఫిర్యాదులు మొదలయ్యాయి. ఆ కారు డాష్‌బోర్డు మీద బ్యాటరీ ఆరోగ్యానికి 12 గీతలు ఉంటాయి. మొదటి గీత పోయిందంటేనే సుమారు 15 శాతం పోయినట్టు. రెండేళ్లు తిరక్కుండా అక్కడివాళ్లకి గీతలు పోవడం మొదలైంది. అదే కారు చల్లటి ఊళ్లలో నిక్షేపంగా తిరిగింది. చివరికి 5 ఏళ్లు లేదా 60,000 మైళ్ల లోపు 9 గీతల కిందికి పడితే బాగుచేసి ఇస్తామని కంపెనీ వారంటీ ఇవ్వాల్సి వచ్చింది. ఫీనిక్స్ ఎండంటే మన రెంటచింతల ఎండ అనుకోండి. ఆ పాఠం మనకి పనికొస్తుందా, రాదా? మనకే పనికొస్తుంది!

మన నెక్సాన్‌కి బ్యాటరీ చుట్టూ కూలెంటు తిరుగుతుంది కాబట్టి అంత భయం లేదు. ఇంకో మంచి సంగతి, దాంట్లో సెల్సు ఎల్‌ఎఫ్‌పి రకం, లిథియం ఐరన్ ఫాస్ఫేట్. వేడికి ఓర్చుకుంటుంది, ఎక్కువసార్లు ఛార్జి చేసినా తట్టుకుంటుంది. కానీ దీనికో గుణం ఉంది, అది తెలియక చాలామంది కంగారు పడతారు. ఈ రకం సెల్లు 90 శాతం దగ్గరా, 30 శాతం దగ్గరా దాదాపు ఒకే ఓల్టేజి చూపిస్తుంది. మరి కారులో కంప్యూటరు ఎంత మిగిలిందో ఎలా లెక్కగడుతుంది? ఎంత వెళ్లింది, ఎంత వచ్చింది అని కూడికలు తీసివేతలు చేసుకుంటుంది. రోజూ 40 నుంచి 70, 40 నుంచి 70 పెడుతూ పోతే ఆ లెక్క మెల్లగా తప్పుతుంది. డాష్‌బోర్డు మీద 18 శాతం అని ఉంటుంది, రెండు వీధులు తిరిగేలోపు 9 అవుతుంది. బండి చెడిపోలేదండీ, లెక్క తప్పింది. అందుకని అప్పుడప్పుడు ఇంటి ఛార్జరు మీద, మెల్లగా, 100 దాకా ఎక్కించి, నిండిన తర్వాత కూడా కాసేపు ప్లగ్గు అలాగే ఉంచాలి. అప్పుడు సెల్సన్నీ ఒక మట్టానికి వస్తాయి. వేరే కంపెనీ కారు కొంటే, దాంట్లో ఎన్‌ఎంసి రకం (నికెల్, మాంగనీస్, కోబాల్ట్) సెల్సు ఉంటే, రోజువారీకి 80 దగ్గర ఆపేయండి. ఏ రకమో కొనేముందే కనుక్కోండి. దానికి వాడే పద్ధతి వేరు, దీనికి వేరు.

ఆ సెల్సన్నీ సీరీస్‌లో ఉంటాయి. ఒకదాని వెనక ఒకటి. కాబట్టి అన్నిటికంటే బలహీనమైన సెల్లు ఎక్కడ ఖాళీ అయితే కారు అక్కడే ఆగుతుంది, మిగతావాటిలో సరుకు ఉన్నా సరే. "బ్యాటరీ పోయింది" అని మీరు వినే కథల్లో చాలావాటికి కారణం ఇదే, ఒక సెల్లో, ఒక మాడ్యూలో. మాడ్యూలు అంటే కొన్ని సెల్సు కలిపిన కట్ట. మొత్తం పెట్టె మార్చమని ఎవరన్నా చెబితే, ఏ మాడ్యూలు పోయింది, దాని ఓల్టేజి రిపోర్టు ఏది, అని అడగండి. అడగడం మీ హక్కు. ఈ కారుకి బ్యాటరీ, మోటారు మీద 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు, ఏది ముందైతే అది, వారంటీ ఇచ్చారు. 2020లో కొన్న బండికి అది 2028 దాకా. రెండో ఓనరు పేరు మీదికి అది మారుతుందా, ఎంత తగ్గితే వారంటీ కిందికి వస్తుంది, ఈ రెండూ కాగితం మీద రాయించుకోండి. నోటిమాట వద్దు.

మరి కొనబోయే కారు బ్యాటరీ ఎంత ఉందో మనమే చూసుకోలేమా? చూసుకోవచ్చు. ఓబీడీ పోర్టుకి, అంటే మెకానిక్కులు కారు కంప్యూటరుని చదివే సాకెట్టుకి, డాంగిల్ అనే చిన్న పరికరం పెట్టి ఫోన్లో చూసేవాళ్లున్నారు, మంచిదే. నాకు నచ్చిన పద్ధతి వేరే. నేను మీటర్ల మనిషిని కదా. ఒక సబ్ మీటరు తీసుకోండి. కారు 20 శాతానికి వచ్చినప్పుడు ఆ మీటరు మీద పెట్టండి, 100 దాకా ఎక్కించండి. మీటరు ఎన్ని యూనిట్లు తిరిగింది? లెక్క చూడండి. 30.2లో 80 శాతం అంటే సుమారు 24. ఛార్జరులో, వైర్లలో, బ్యాటరీని చల్లబరచడంలో పదో పన్నెండో శాతం పోతుంది. అంటే బాగున్న బ్యాటరీకి గోడ దగ్గర 26, 27 యూనిట్లు తిరగాలి. 25 తిరిగిందా, పర్వాలేదు, ఈ వయసుకి అది మామూలే. 21 తిరిగి 100 అయిపోయిందా? అప్పుడు బేరం ఆడండి, లేదా వదిలేయండి. అమ్మేవాళ్లు ఒక రాత్రి ఛార్జింగుకి ఒప్పుకోకపోతే ఆ బండి వద్దు. అంతే. ఇంకో సంగతి, డీలరు దగ్గర కొంటే వాళ్ల లాభం మీద 18 శాతం జీఎస్టీ ఉంటుంది. మనిషి దగ్గర నుంచి మనిషి కొనుక్కుంటే అది లేదు.

విజయవాడలో ఉన్నాం కాబట్టి ఒక మాట గట్టిగా చెప్పాలి. 2024 సెప్టెంబరు మొదటి వారం మీకెవరికీ గుర్తు చేయక్కర్లేదు. బుడమేరు వరద వచ్చింది. సింగ్‌నగర్ వైపు ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి, కార్లూ ఉన్నాయి. ఆ బండ్లన్నీ ఎక్కడికి పోయాయి? కొన్ని తుక్కుకి పోయాయి. కొన్ని కడిగి, తుడిచి, వేరే ఊళ్లలో అమ్మకానికి వచ్చాయి. బ్యాటరీకి ఐపి67 ఉందండీ, నీళ్లు పోవండీ అంటారు. ఐపి67 అంటే ఏంటి? మీటరు లోతు నీళ్లలో 30 నిమిషాలు ఉంచిన పరీక్ష. అరగంట! మూడు రోజుల బురదనీళ్లకి అది హామీ కాదు. కాబట్టి సీటు బెల్టు మొత్తం బయటికి లాగండి, చివరి దాకా. పైభాగం కడుగుతారు, లోపల చుట్టుకున్న భాగం ఎవరూ కడగరు. బురద చార ఉంటే అక్కడ తెలిసిపోతుంది. స్టెప్నీ గుంటలో చెయ్యి పెట్టి చూడండి. సీటు కింద కనెక్టర్లు చూడండి, రాగి పిన్నుల మీద పచ్చగా చిలుము పట్టిందంటే ఇంక మాట్లాడొద్దు. బండి నంబరు మీద ఇన్సూరెన్సు క్లెయిము ఏమన్నా ఉందేమో కనుక్కోండి. పెట్రోలు బండి మునిగితే ఇంజను బాగుచేసుకుంటాం. దీంట్లో 300 ఓల్టుల పైన డీసీ ఉంది. ఇన్సులేషన్ దెబ్బతిన్న బండిని ఇంట్లో పెట్టుకోవద్దు.

ఇప్పుడు నా విషయానికి వస్తాను. ఎర్తింగు.

ఛార్జింగు కేబులు మధ్యలో ఒక పెట్టె ఉంటుంది కదా, అది కరెంటు పంపేముందు ఎర్తు ఉందా లేదా చూస్తుంది. లేకపోతే ఎర్ర లైటు వేసి ఊరుకుంటుంది. ఛార్జింగు ఎక్కదు. కారు తెచ్చుకున్న మొదటి రాత్రి సగం ఇళ్లలో జరిగేది ఇదే. ఎందుకు? మన పాత ఇళ్లలో ప్లగ్గుకి మూడో రంధ్రం ఉంటుంది, దాని వెనక వైరు ఉండదు. ఉన్నా అది బోర్డులో ఎక్కడో తెగి వేలాడుతుంటుంది. అపార్టుమెంటు కట్టేటప్పుడు ఎర్త్ పిట్ తవ్వారు, పైన టైల్స్ పరిచేశారు, అది ఎక్కడుందో ఇప్పుడు ఎవరికీ తెలీదు. ఫ్రిజ్జు పనిచేస్తుంది, మిక్సీ పనిచేస్తుంది, ఎవరికి కావాలి ఎర్తు?

అప్పుడు ఎలక్ట్రీషియన్ని పిలుస్తారు. ఆయన వచ్చి, "ఏం లేదు సార్, రెండు నిమిషాల పని" అని సాకెట్టు విప్పి, న్యూట్రల్ నుంచి, అంటే కరెంటు వెనక్కి వెళ్లే వైరు నుంచి, ఎర్త్ పిన్నుకి చిన్న వైరు ముక్క కలిపి వెళ్లిపోతాడు. పచ్చ లైటు వెలుగుతుంది. కారు ఛార్జింగు ఎక్కుతుంది. అందరూ సంతోషం. అమ్మా, బాబూ, దండం పెట్టి చెబుతున్నాను, ఆ పని చేయనివ్వకండి. ఏమవుతుందో చెబుతాను, జాగ్రత్తగా వినండి.

ఒకరోజు గాలివాన వస్తుంది. స్తంభం దగ్గర న్యూట్రల్ వైరు జంపరు ఊడిపోతుంది. మన ఊళ్లో ఊడదా? ఊడుతుంది, అది కట్టడానికే మా వాళ్లు నిచ్చెన వేసుకుని తిరుగుతుంటారు. న్యూట్రల్ తెగింది, కరెంటు తెచ్చే ఫేజు వైరు అలాగే ఉంది. ఇంట్లో ఫ్యాను ఆన్‌లో ఉంది, ఫ్రిజ్జు ఆన్‌లో ఉంది. ఫేజు వాటి గుండా వచ్చి న్యూట్రల్ వైరులో నిలబడుతుంది, వెనక్కి వెళ్లడానికి దారి లేదు. ఇప్పుడు మీ న్యూట్రల్‌లో 230 ఓల్టులు ఉన్నాయి. మీ ఎలక్ట్రీషియన్ ఆ న్యూట్రల్‌ని ఎర్త్ పిన్నుకి కలిపాడు. ఎర్త్ పిన్ను కారు బాడీకి కలిసి ఉంది. కారు నాలుగు రబ్బరు టైర్ల మీద నిలబడి ఉంది, కాబట్టి కరెంటు భూమిలోకి పోదు, ఫ్యూజు కొట్టదు, ఏ శబ్దమూ రాదు. కారు మామూలుగా, మెరుస్తూ నిలబడి ఉంటుంది. వాన పడింది, నేల తడి. మీ పిల్లాడు చెప్పుల్లేకుండా వచ్చి డోరు హ్యాండిల్ పట్టుకుంటాడు.

ఎంసిబి, అదే కరెంటు మితిమీరితే బోర్డులో పడిపోయే స్విచ్చు, పడుతుంది కదా అంటారా? పడదు. మనిషి ప్రాణానికి 30 మిల్లీ ఆంపియర్లు దాటితే ప్రమాదం. ఎంసిబి 20 ఆంపియర్లు దాటితేగానీ కదలదు. మనిషిని చంపే కరెంటు ఎంసిబి లెక్కలో కరెంటే కాదు. నా సర్వీసులో ఎర్తు లేక పోయిన ప్రాణాలు చూశాను. పంచనామా కాగితాల మీద సంతకాలు పెట్టాను. అందుకే ఈ మాట ఇంత గట్టిగా చెబుతున్నాను.

మరి ఏం చేయాలి? పెద్ద ఖర్చు కాదండీ, కారు ధరలో అది లెక్కలోకి రాదు. విడిగా ఒక ఎర్త్ పిట్ వేయించండి, బొగ్గు, ఉప్పు వేసి జీఐ పైపు గానీ, రాగి పూత ఉన్న రాడ్డు గానీ. అక్కడి నుంచి పచ్చ వైరు నేరుగా కారు సాకెట్టుకి రావాలి. మెయిన్ బోర్డు నుంచి ఈ ఒక్క సాకెట్టుకే 4 స్క్వేర్ ఎంఎం రాగి వైరు లాగించండి. 20 ఆంపియర్ల ఎంసిబి ఒకటి, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సిసిబి ఒకటి పెట్టించండి. కరెంటు కాస్త లీకైనా వెంటనే లైను కోసేసేది ఈ రెండోదే. ఆ ఆర్‌సిసిబి మీద చిన్న టెస్టు బటను ఉంటుంది, నెలకోసారి నొక్కండి, టక్కున పడాలి. పడకపోతే మార్చండి. మల్టీమీటరుతో ఫేజుకీ ఎర్తుకీ మధ్య 230, న్యూట్రల్‌కీ ఎర్తుకీ మధ్య రెండు మూడు ఓల్టులు రావాలి. ఊరికే కాదు, కారు ఛార్జింగు ఎక్కుతున్నప్పుడు చూడాలి. అక్కడ పదిహేనో ఇరవయ్యో చూపించిందంటే ఎర్తు పేరుకే ఉంది. వేసంకాలంలో ఆ పిట్‌లో వారానికోసారి బిందెడు నీళ్లు పోయండి. మట్టి ఎండితే ఎర్తు పనిచేయదు.

ఇదిగో, ఇది చూడండి. పక్కవాళ్లకి అందించండి, అందరూ చేత్తో పట్టుకుని చూడండి. ఇది మన పక్క వీధిలో ఒక ఇంట్లో విప్పి తెచ్చిన 16 ఆంపియర్ల సాకెట్టు. ఒక రంధ్రం చుట్టూ మాత్రం గోధుమ రంగు తిరిగింది, చూశారా? ప్లాస్టిక్ అక్కడ పొంగింది. వెనక్కి తిప్పండి. ఆ స్క్రూ దగ్గర వైరు నల్లబడింది. లోపల ఇత్తడి పట్టు వదులై ప్లగ్గు పిన్నుని గట్టిగా పట్టుకోవట్లేదు. పట్టు వదులైన చోట వేడి పుడుతుంది, వేడికి పట్టు ఇంకా వదులవుతుంది. గీజరు పెడితే అరగంటలో ఆపేస్తాం. ఏసీ కంప్రెసరు ఆగి ఆగి తిరుగుతుంది. ఈ కారు 14 ఆంపియర్లు తీసుకుంటూ ఎనిమిది, తొమ్మిది గంటలు ఆపకుండా లాగుతుంది, మీరు నిద్రపోతున్నప్పుడు. ఇంట్లో ఇంకే వస్తువూ అలా లాగదు. అందుకని ఎక్స్‌టెన్షన్ బాక్సు వద్దు, ఎంత మంచిదైనా వద్దు. నీలం రంగు ఇండస్ట్రియల్ సాకెట్టు దొరికితే అది పెట్టించండి. ఛార్జింగు పెట్టిన అరగంటకి ప్లగ్గు మీద చెయ్యి వేయండి. గోరువెచ్చగా ఉంటే సరే. చెయ్యి పెట్టలేకపోతే వెంటనే ఆపండి. ఏడాదికోసారి మెయిన్ ఆపి ఆ స్క్రూలు బిగించాలి. పాత అపార్టుమెంట్లలో అల్యూమినియం వైరు ఉంటే దాని మీద కారు పెట్టనే వద్దు.

ఇక బిల్లు సంగతి. గోడ దగ్గర లెక్కేస్తే యూనిట్‌కి ఆరు, ఏడు కిలోమీటర్లు. నెలకి 1,000 కిలోమీటర్లు తిరిగితే 150, 160 యూనిట్లు. మన స్లాబుల సంగతి మీకు తెలుసు. ఇంటి వాడకం మీద ఇది కలిసి 400 దాటిందంటే ఆ పైన యూనిట్ దాదాపు 10 రూపాయలు. అయినా ఎంత, 1,500, 1,600. అదే పెట్రోలు బండి లీటరుకి 15 ఇస్తే, లీటరు 110 చొప్పున 7,300. ఇంటి మీటరు మీదే కారు ఛార్జి చేసుకోవచ్చు, 2022 జనవరిలో కేంద్ర విద్యుత్ శాఖ ఇచ్చిన మార్గదర్శకాల్లో స్పష్టంగా ఉంది. వేరే కనెక్షను తీసుకుంటే ఈవీ ఛార్జింగు కేటగిరీలో స్లాబులు లేని ఒకే రేటు. ఎవరికి ఏది లాభమో మీ బిల్లు చూసి లెక్కేసుకోండి. ఒకటి మాత్రం చేయండి. మీ శాంక్షన్డ్ లోడు, అంటే మీ మీటరుకి మంజూరైన లోడు, రెండో మూడో కిలోవాట్లు ఉంటుంది, కారొక్కటే 3.3. అదనపు లోడుకి అప్లికేషను పెట్టండి. మీరు చెప్పకుండా పది ఇళ్లు పది కార్లు పెడితే మీ వీధి ట్రాన్స్‌ఫార్మరే పోతుంది. అప్పుడు నన్ను తిడతారు! మేడ మీద సోలారు ఉన్నవాళ్లకి ఇంకా హాయి. 3 కిలోవాట్ల ప్యానెళ్లు రోజుకి సుమారు 12 యూనిట్లు ఇస్తాయి, కారుకి రోజుకి కావలసింది అయిదు.

ఎప్పుడు పెట్టాలి? మే నెలలో మధ్యాహ్నం మూడింటికి ఏలూరు నుంచి వచ్చి, దిగగానే ప్లగ్గు పెట్టకండి. బండి చల్లారనివ్వండి. రాత్రి ఏడు నుంచి పదకొండు దాకా ఊరంతా ఏసీలు వేసుకుంటుంది, ఓల్టేజి 190కి పడుతుంది, ఛార్జరు మొరాయిస్తుంది. పన్నెండు దాటాక పెడితే ఓల్టేజీ బాగుంటుంది, గాలీ చల్లగా ఉంటుంది, ట్రాన్స్‌ఫార్మరుకీ ఊపిరాడుతుంది. నిండా ఎక్కించిన బండిని రోజంతా ఎండలో వదిలేయకండి. నీడ చూసుకోండి.

హైదరాబాద్ వెళ్లగలమా అని అడుగుతున్నారు. వెళ్లగలం. 275 కిలోమీటర్లు, ఒకసారి ఆగాలి. ఇక్కడ 100 పెట్టుకుని బయలుదేరితే సూర్యాపేట 140 చిల్లర, 80 స్పీడు దాటకుండా వెళితే ఇరవై శాతం చేతిలో ఉండగా చేరతారు. 110లో వెళితే చేరరు. గాలి దెబ్బ అలాంటిది, స్పీడు పెరిగేకొద్దీ యూనిట్లు నీళ్లలా పోతాయి. బయలుదేరే ముందు అక్కడి ఛార్జింగు స్టేషను పనిచేస్తోందా అని ఫోన్ చేసి కనుక్కోండి, యాప్‌లో పచ్చగా కనపడితే చాలదు. కోదాడ దగ్గర ఇంకొకటి మనసులో పెట్టుకోండి. ఇంకో సంగతి, 60 కిలోవాట్ల ఛార్జరు అని బోర్డు చూసి అరగంటలో అయిపోతుందనుకోకండి. ఈ పాత బండి అందులో సగం కూడా తీసుకోదు, 80 దాకా గంట పడుతుంది. టిఫినూ కాఫీ అయ్యేటప్పటికి సరిపోతుంది. ఘాట్ రోడ్డు మీద ఒక జాగ్రత్త ఉంది. కొండ మీద 100 నింపుకుని దిగొద్దు. బ్యాటరీ నిండి ఉంటే దిగేటప్పుడు పుట్టే కరెంటు పోవడానికి చోటుండదు, మోటారు బండిని పట్టి ఆపదు, భారమంతా బ్రేకుల మీదే పడుతుంది.

సర్వీసు గురించి. ఇంజనాయిలు లేదు, బెల్టు లేదు, క్లచ్చు లేదు, నిజమే. కానీ ఏమీ చేయక్కర్లేదు అనుకోకండి. చాలా బండ్లు రోడ్డు మీద ఆగేది పెద్ద బ్యాటరీ వల్ల కాదు, బానెట్ కింద ఉండే మామూలు 12 ఓల్టుల బ్యాటరీ వల్ల. ఆ పెద్ద బ్యాటరీని కారుకి కలిపే రిలేలను, అంటే కరెంటుతో పనిచేసే స్విచ్చులను, పట్టి ఉంచేది ఈ చిన్నదే. ఇది చచ్చిపోతే పెద్దదాంట్లో 90 శాతం ఉన్నా కారు లేవదు. పెట్రోలు బండి అయితే సెల్ఫ్ కొట్టినప్పుడు నీరసంగా తిరిగి మనకి ముందే చెబుతుంది. ఇది చెప్పదు. రాత్రి బాగుంటుంది, పొద్దున ఉండదు. రాత్రంతా ఆపి ఉంచిన బండికి మీటరు పెడితే 12.6 ఉండాలి. 12.2 కిందికి వచ్చిందంటే మార్చేయండి. మూడు నాలుగేళ్లకి అది పోయినా పోకపోయినా మార్చడం మంచిదని నా అభిప్రాయం.

బ్రేకులు. మోటారే బండిని ఆపుతుంది కాబట్టి ప్యాడ్లు అరగవు, సంతోషం. కానీ వాడని బ్రేకు తుప్పు పడుతుంది. మన కృష్ణా తీరం తేమకి క్యాలిపర్ పిన్నులు బిగుసుకుపోతాయి. ఏడాదికోసారి విప్పి శుభ్రం చేసి గ్రీజు పెట్టించండి, రెండేళ్లకోసారి బ్రేకు ఆయిలు మార్చండి. కూలెంటు తగ్గితే కుళాయి నీళ్లు పోయకండి, కంపెనీ చెప్పినదే పోయండి. ఏసీ చల్లగా రావట్లేదా, వేసవికి చూద్దాంలే అనుకోకండి. చాలా కార్లలో బ్యాటరీ కూలెంటుని చల్లబరిచేది ఆ ఏసీ గ్యాసే. మీకు చెమట పడితే బ్యాటరీకీ పట్టినట్టే. టైర్లు తొందరగా అరుగుతాయి, 1,400 కిలోల బండి, తొక్కగానే దూకుతుంది. నారింజ రంగు కేబుళ్లు ఎవరినీ ముట్టనివ్వకండి, శిక్షణ ఉన్నవాడు తప్ప.

ఇక్కడ చాలామంది పిల్లలు అమెరికాలో ఉన్నారు. వాళ్ల దగ్గర ఆరు నెలలు ఉండడానికి మీరు వెళతారు. కారుని ఏం చేయాలి? 100 పెట్టి వెళ్లకండి, పదిలో పెట్టీ వెళ్లకండి. యాభై, అరవై మధ్య ఉంచి, నీడలో పెట్టి, ప్లగ్గు తీసేసి, 12 ఓల్టుల బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ ఊడదీయించి వెళ్లండి. 

అపార్టుమెంటు వాళ్లు అడుగుతున్నారు, స్టిల్ట్ పార్కింగులోకి లైను లాగుతామంటే కమిటీ ఒప్పుకోవట్లేదని. కమిటీ భయం ఊరికే పుట్టింది కాదు, ఎవరో ఎక్స్‌టెన్షన్ బాక్సు పెట్టి రాత్రంతా వదిలేస్తే భయపడరా మరి? మీ ఫ్లాటు మీటరు నుంచి మీ పార్కింగు దాకా పైపులో వైరు, మీ ఎంసిబి, మీ ఆర్‌సిసిబి, డ్రాయింగు ఒకటి గీసి ఇవ్వండి. లైసెన్సు ఉన్న కాంట్రాక్టరు చేత చేయించి ఆయన రిపోర్టు కూడా ఇవ్వండి. ఒప్పుకుంటారు. నేను వచ్చి కమిటీతో మాట్లాడమంటే మాట్లాడతాను.

నా దగ్గర ఇన్సులేషన్ కొలిచే మెగ్గరూ, మల్టీమీటరూ ఉన్నాయి. ఇప్పుడు ఏ బ్లాకు మీటరు బోర్డు దగ్గర మొదలుపెడదామో చెప్పండి. ఎలక్ట్రీషియన్ని కూడా రమ్మనండి, ఆయన కూడా చూడాలి.